మనసు సంగతి తర్వాత చూద్దాం అనేవారికి

తాగుడు మాన్పించడం గురించి ఎక్కడ మాట మొదలైనా ఆఖరికి ఒకే చోట తేలుతుంది: ముందు మందు మానాలి, మనసు సంగతి తర్వాత చూద్దాం. డీ-అడిక్షన్ సెంటర్ నడిపేవారు ఇదే అంటారు. సైకియాట్రీ చదివిన డాక్టర్లలో చాలామంది ఇదే అంటారు. ఆటోలో కూర్చోబెట్టి బలవంతంగా తీసుకొచ్చిన బావమరిదీ ఇదే అంటాడు. ఈ మాటకు జంటగా ఇంకోటి వినిపిస్తుంది. సైకాలజిస్టులకూ కౌన్సిలర్లకూ డిగ్రీలున్నాయి, ఏళ్ళ తరబడి అనుభవముంది. మళ్ళీ ‘ట్రామా’ (మనసుకు తగిలిన గాయం) పేరుతో ఈ ట్రైనింగులు, వర్క్‌షాపులు ఎందుకు, సర్టిఫికెట్లు అమ్ముకోవడానికి కాకపోతే?

రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది పేషెంటును అడగాల్సిన ప్రశ్నను వాయిదా వేస్తుంది. రెండోది ఆ ప్రశ్న ఎలా అడగాలో నేర్చుకునే అవసరాన్నే కొట్టేస్తుంది. ఒకదాన్ని ఒకటి కాపాడుకుంటూ ఇన్నేళ్ళుగా నిలబడ్డాయి.

ఈ వాదనలో బలం లేదని అనను. ఏళ్ళ తరబడి తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి నాలుగైదు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణమే పోవచ్చు. అప్పుడు కావలసింది థయమిన్ ఇంజెక్షను, లోరజెపామ్ లాంటి మందు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు. ఆ మంచం పక్కన కూర్చుని చిన్నతనం గురించి ఆరా తీసే కౌన్సిలర్ ఎవరైనా ఉంటే బయటికి పంపేయాల్సిందే. సరిగ్గా నేర్చుకోనివాడు పాత గాయాన్ని కెలికి వదిలేస్తే ఆ సాయంత్రమే పేషెంటు బెల్టు షాపు దారి పడతాడన్న భయమూ ఊరికే పుట్టింది కాదు. ఇక శనాదివారాల్లో ‘ట్రామా స్పెషలిస్టు’ను తయారుచేసి పంపే కోర్సుల సంగతి అందరికీ తెలిసిందే.

ఈ మూడూ నిజాలే. వీటినుంచి తీసిన ముగింపుతోనే నా పేచీ.

1. ఆ ‘తర్వాత’ ఎప్పుడు?

మందు మానాక చూస్తామంటున్నారు. ఎన్నాళ్ళకు? ఎవరు? ఏ గదిలో? ఒంట్లోంచి మద్యం దిగి, వణుకు తగ్గి, నిద్ర కాస్త కుదురుకోవడానికి వారం, పది రోజులు. ఆ పైన సెంటర్లో గడిపే రోజులన్నీ ‘తర్వాత’ లెక్కలోకే రావాలి కదా. ఆ రోజుల్లో జరిగేదేమిటి? పొద్దున్నే యోగా, ఒక లెక్చరు, భోజనం, సాయంత్రం ‘నేను ఎలా చెడిపోయాను’ అని పదిమంది ముందు చెప్పించడం, రాత్రికి తాళం. డిశ్చార్జి రోజున భార్యను పిలిచి, ‘ఇంట్లో గొడవలు పెట్టుకోకమ్మా, మాత్రలు టైముకి వెయ్యి’ అని చెప్పి పంపించేస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ పడినదాని గురించి ఒక్కరూ అడగరు. దెబ్బలు తిన్న మనిషిని అటెండరు కింద రాసుకుంటారు.

తర్వాత చూద్దాం అనగలిగేది మనిషి మళ్ళీ వస్తాడన్న నమ్మకం ఉన్నచోట. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వే వివరాలు బయటపెట్టింది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక రకమైన చికిత్స పొందామని చెప్పారు. ఆసుపత్రిలోనో సెంటర్లోనో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందికి ఒక్కరు. మద్యం వల్ల సమస్యలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను కూడా అదే సర్వే చేర్చింది. అంటే ఇప్పుడు కౌన్సిలర్ ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి 180 మందిలో దొరికిన ఒక్కడు. అతన్ని ‘తర్వాత రా’ అనడమంటే రావద్దని చెప్పడమే.

తర్కంలోనూ ఇక్కడ ఒక బొక్క ఉంది. జబ్బు నయమైతే గానీ జబ్బు కారణం జోలికి పోమంటున్నారు. తాగకుండా ఉండలేకనే అతను వచ్చాడు. తాగకుండా ఉండి చూపిస్తేనే సాయం చేస్తామంటే, సాయం అక్కర్లేనివాడికే సాయం దొరుకుతుంది. రెండు నెలలకు మళ్ళీ తాగి వస్తే ‘వీడికి పట్టుదల లేదు’ అని రాస్తారు. పరీక్ష పెట్టినవాళ్ళు ఎన్నడూ ఫెయిల్ కారు.

మందు అందకుండా చేస్తే చాలన్న సిద్ధాంతాన్ని మన దగ్గర ఊళ్ళకు ఊళ్ళ మీదే ప్రయోగించి చూశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997కల్లా అది పోయింది. ఆ ఆడవాళ్ళ పోరాటాన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ళు సీసా మీద యుద్ధం చేశారు, చేయాల్సిందే చేశారు. సీసా వెనకున్న మనిషిని చూడాల్సింది వైద్య వ్యవస్థ, అది ఆ రోజుల్లో అసలు రంగంలోకే రాలేదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు నిండిపోయాయి. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రజోలామ్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డ జనం అది ఒక్కసారిగా ఆగిపోయేసరికి మెడలు వంకర్లు పోయి, మతి తప్పి వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో మందు షాపులు మూసేసిన వారానికే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అదే దృశ్యం. ఆపడం మొదటి మెట్టు, ఆ పైన మెట్లు ఎవరూ కట్టలేదు.

2. కేస్ షీట్లో లేని గడి

పేషెంటు చేరేటప్పుడు నింపే ఫారం ఒకసారి చూడండి. ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారు, రోజుకు ఎంత, బ్రాండా కల్లా, చివరిసారి ఎప్పుడు తాగారు, ఫిట్స్ వచ్చాయా, ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా, పెళ్ళయిందా, అప్పులున్నాయా. కారణం అన్నచోట అర అంగుళం ఖాళీ. అందులో రాసేవి రెండే మాటలు: ‘చెడు స్నేహాలు’ లేదా ‘ఫ్యామిలీ ప్రాబ్లమ్స్’.

అనంతపురం వైపు ఒక కుర్రాడిని ఊహించుకుందాం. పదిహేనేళ్ళప్పుడు పురుగుమందు తాగి చేలో పడిఉన్న తండ్రిని మొదట చూసింది అతనే. నురగ తుడిచి, ట్రాక్టరులో వేయించి, ఆసుపత్రి దాకా తల ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. తండ్రి దారిలోనే పోయాడు. చదువు ఆగింది. లారీ క్లీనరుగా చేరిన కొత్తలో డ్రైవరు ఇచ్చిన క్వార్టర్ తాగిన రాత్రి, ఆ వాసన ముక్కులోకి రాకుండా మొదటిసారి నిద్రపట్టింది. ఇప్పుడతనికి ముప్పై రెండేళ్ళు, సెంటర్లో పదకొండో రోజు. నల్లులు పట్టాయని హాలంతా మందు కొట్టించారు. ఆ వాసనకు అతను తలుపు బాదాడు, అడ్డొచ్చిన వార్డు బాయ్‌ని తోసేశాడు, మూలకు పోయి వణుకుతూ కూర్చున్నాడు. రిజిస్టరులో ఏం రాస్తారు? ‘మందు కోసం గొడవ చేశాడు. ఇంజెక్షను ఇచ్చాం.’

అక్కడ ఉన్న సిబ్బంది చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. చూడటం నేర్పలేదు, అంతే. నేర్చుకున్న కౌన్సిలరైతే పదకొండో రోజున ఈ వణుకేమిటని ఆగేది. ‘ఆ టైములో మీకేం గుర్తొచ్చింది?’ అని ఒక్క మాట అడిగేది. కిటికీ తెరిపించేది. ‘మీరు ఇప్పుడు ఫలానా చోట ఉన్నారు, ఇది నల్లుల మందు’ అని నెమ్మదిగా చెప్పేది. దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు, శిక్షణ కావాలి.

ఇది ఒక కుర్రాడి ఊహాకథ అని తీసిపారేయకండి. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా అమెరికాలో 9,508 మంది మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పుడు హింస, లైంగిక దాడి, ఇంట్లో తాగుబోతులు, తల్లిని కొట్టడం చూడటం లాంటి అనుభవాలు ఎవరికి ఎన్ని ఉన్నాయో లెక్కకట్టారు. నాలుగు, అంతకు మించి ఉన్నవారికి తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాల ముప్పు ఏ అనుభవమూ లేనివారితో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. అంతకు ముందే, 1985లో, ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే సైకియాట్రిస్టు, చాలామందికి మత్తు తమకు తామే రాసుకున్న మందు చీటీ అని వాదించాడు. ఇవి నిన్నటి వార్తలు కావు. ‘మాకు తెలియదు’ అనే వయసు దాటిపోయింది.

తాగే ప్రతివాడి వెనకా ఒక గాయం వెతకాలన్న ఉత్సాహం కూడా నాకు నచ్చదు. సరదాకి మొదలుపెట్టి ఇరుక్కున్నవాళ్ళున్నారు, ఒళ్ళు హూనమయ్యే కూలిపని వల్ల అలవాటు చేసుకున్నవాళ్ళున్నారు, ఇంటి రక్తంలోనే ఆ జబ్బు ఉన్నవాళ్ళున్నారు. అందరికీ ట్రామా అని ముద్ర వేయడం, ఎవరికీ లేదనడం, రెండూ అడగకుండానే జవాబు రాసుకోవడమే. వ్యసనంతో చికిత్సకు వచ్చినవారిలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం మనసులో మిగిల్చే జబ్బు) అనుభవించినవారు పావు వంతు నుంచి సగం దాకా ఉంటారని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. అందులో తక్కువ అంకెనే తీసుకోండి. నలుగురిలో ఒకరికి ఉన్న జబ్బును అడగని ఫారం ఏ ఇతర వైద్య విభాగంలోనైనా ఒక్క రోజు నిలుస్తుందా? షుగర్ పేషెంటుకు బీపీ చూడొద్దు, ముందు షుగర్ తగ్గాలి అనే డాక్టరును మనం ఏమంటాం?

3. కెలికితే మళ్ళీ తాగుతాడట

ఈ భయానికి జవాబు పరిశోధనల్లోనే ఉంది. సిడ్నీలో కాథరిన్ మిల్స్ బృందం 103 మంది మీద చేసిన పరీక్ష 2012లో వచ్చింది. అందరికీ పీటీఎస్‌డీ, మత్తు బానిసత్వం రెండూ ఉన్నాయి. ఒక సగానికి మామూలు చికిత్సతో పాటు రెండింటికీ కలిపి ఒకేసారి చేసే థెరపీ ఇచ్చారు. జరిగిన ఘోరాన్ని కొద్దికొద్దిగా తలచుకోవడం కూడా అందులో భాగమే. తొమ్మిది నెలల తర్వాత చూస్తే కలిపి చేసినవారికి పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. మత్తు వాడకం? రెండు గుంపుల్లోనూ తగ్గింది, తేడా లేదు. కాబట్టి ఈ థెరపీ తాగుడును మామూలు చికిత్స కంటే ఎక్కువగా మాన్పించిందని నేను చెప్పను. గతం మాట ఎత్తితే తాగుడు పెరుగుతుందన్న మాట మాత్రం అక్కడ నిలబడలేదు.

పైగా ‘కెలకడం’ ఒక్కటే దారి అని ఎవరన్నారు? లీసా నజావిట్స్ 2002లో పుస్తకంగా తెచ్చిన పద్ధతిలో గతాన్ని తవ్వే పనే లేదు. అందులో ఇరవై ఐదు అంశాలుంటాయి: ఇవాళ రాత్రి భయం ముంచుకొస్తే ఏం చేయాలి, ఎవరిని నమ్మొచ్చు, సాయం ఎలా అడగాలి, తాగాలనిపించినప్పుడు ఆ పావుగంట ఎలా గడపాలి. ట్రామా శిక్షణ అనగానే కన్నీళ్ళు పెట్టించే సెషన్లని ఊహించుకుని దానికి భయపడేవారు, తాము చదవని పుస్తకానికి సమీక్ష రాస్తున్నారు.

అసలు కెలుకుతున్నది ఎవరో చూద్దాం. తాళం వేసిన గది. పేరుతో కాకుండా ‘ఒరేయ్ తాగుబోతూ’ అని పిలుపు. పదిమంది ముందు తప్పులు ఒప్పించడం. ‘నీ వల్లే మీ అమ్మ పోయింది’ అని కౌన్సిలింగ్. చిన్నప్పుడు కొట్టి గదిలో పెట్టి తాళం వేసిన పిల్లాడు పెద్దవాడై మీ సెంటర్‌కు వస్తే, మీరు గతాన్ని తవ్వలేదు నిజమే, దాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టి ఇచ్చారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యం, మత్తుమందులతో ముడిపడిన మానసిక స్థితుల్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. గొలుసులు వేయడాన్నీ ఒంటరిగా బంధించడాన్నీ నిషేధించింది. చట్టం రాసి ఇన్నేళ్ళయినా సెంటర్లో చావులు, దెబ్బలు అన్న వార్తలు ఆగడం లేదంటే లోపం చట్టంలో ఉందనుకోను. ఆ గదిలో పనిచేసేవాడికి కొట్టకుండా ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

గట్టిగా నిలదీస్తేనే దారికొస్తాడన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిది. ఇంట్లో పెద్దవాళ్ళూ అదే చేస్తారు కాబట్టి కౌన్సిలర్ చేసినా తప్పనిపించదు. 1993లో విలియం మిల్లర్ బృందం థెరపిస్టు ధోరణికీ పేషెంటు తాగుడుకీ ఉన్న సంబంధాన్ని గమనించింది. థెరపిస్టు ఎంత ఎక్కువ నిలదీస్తే ఏడాది తర్వాత పేషెంటు అంత ఎక్కువ తాగుతున్నాడు. మళ్ళీ తాగడం మొదలెట్టాడంటే తప్పంతా అతని పట్టుదల మీద తోసే ముందు, సెషన్లో ఎవరు ఎలా మాట్లాడారో వినాలి.

4. అనుభవం ఉంది కదా

ఈ మాట ఎదురుగా అనడానికి చాలామంది మొహమాటపడతారు, నేను పడను. అనుభవం దానంతటదే నైపుణ్యం కాదు. 2016లో సైమన్ గోల్డ్‌బర్గ్ తదితరులు 170 మంది థెరపిస్టుల ఫలితాల్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. పేషెంట్లు ఆరున్నర వేల పైచిలుకు. ఏళ్ళు గడిచేకొద్దీ థెరపిస్టుల ఫలితాలు సగటున మెరుగుపడలేదు సరికదా, కొద్దిగా తగ్గాయి. తగ్గుదల చాలా చిన్నది, దాన్ని పెంచి చూపడం న్యాయం కాదు. కానీ ‘ఇరవై ఏళ్ళ అనుభవం’ అన్న బోర్డు దేనికి హామీ ఇస్తున్నట్టు? కొందరు మెరుగుపడ్డారు కూడా. తప్పొప్పులు చెప్పేవాళ్ళెవరూ లేకుండా చేసిన పని ఎన్నేళ్ళు చేసినా మొదటి ఏడాదినే మళ్ళీ మళ్ళీ బతకడం అవుతుంది. సర్జన్ తప్పు చేస్తే కుట్టు ఊడిపోతుంది. కౌన్సిలర్ తప్పు చేస్తే పేషెంటు రావడం మానేస్తాడు, ‘బాగయ్యాడేమో’ అనుకుని సరిపెట్టుకోవచ్చు.

ఇంకో ఇబ్బంది, చదువే మారిపోయింది. పీటీఎస్‌డీ అన్న రోగనిర్ధారణ అమెరికా సైకియాట్రీ మాన్యువల్లోకి వచ్చిందే 1980లో. దీర్ఘకాలం హింసలో బతికినవారికి వచ్చే కాంప్లెక్స్ పీటీఎస్‌డీని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చింది. అది అమల్లోకి వచ్చింది 2022లో. 2005లో ఎంఏ, ఎంఫిల్ చేసినవారి సిలబస్‌లో అది ఎలా ఉంటుంది?

మారినవాటిలో మరీ ఘాటైన ఉదాహరణ ఒకటుంది. ఒకప్పుడు ప్రమాదం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే ‘డీబ్రీఫింగ్’ ఒక గొప్ప సేవగా ప్రపంచమంతా నడిచింది. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాల పేషెంట్ల మీద పరీక్షించి చూశారు. పదమూడు నెలల తర్వాత డీబ్రీఫింగ్ చేసినవారిలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ, చేయనివారిలో 9 శాతం మందికి. ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి తూచిన 2002 నాటి కాక్రేన్ సమీక్ష ఇక తప్పనిసరి డీబ్రీఫింగ్ ఆపేయండని చెప్పింది. మంచి మనసుతో, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసినవారు మనుషులకు హాని చేశారు. తర్వాత చదవనివారు ఆ పైన కూడా చేస్తూ పోయారు. తుపానో, గ్యాస్ లీకో, పడవ ప్రమాదమో జరిగినప్పుడు మన దగ్గర కౌన్సిలింగ్ బృందాలు బయలుదేరతాయి. వాళ్ళలో ఎంతమంది ఈ సంగతి విన్నారో ముందు కనుక్కోవాలి.

ఇక మందు చీటీ. భర్త చేతిలో దెబ్బలు తింటూ నిద్రపట్టని మనిషికి అల్ప్రజోలామ్ రాసివ్వడం మన వీధి క్లినిక్కుల్లో మామూలు. పీటీఎస్‌డీకి ఆ జాతి మందులు వాడొద్దని అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల మార్గదర్శకాలు సూటిగా చెబుతున్నాయి. లక్షణాలు తగ్గవు, అలవాటు మాత్రం పడుతుంది. కల్లులో కలిపితే నేరమైన మందే ఇక్కడ స్లిప్పు మీద వస్తుంది. ఆవిడ మూడేళ్ళ తర్వాత మాత్ర లేనిదే నిద్రపోలేని స్థితిలో వస్తే, ఆ కేసును ‘వ్యసనం’ కింద రాస్తారు. గాయం ఎక్కడుంది, వ్యసనం ఎక్కడ మొదలైంది, మధ్యలో మన చెయ్యి ఎంత? ఈ మూడు ప్రశ్నల్ని విడదీయలేని చదువు ఎంత పాతదైనా అసంపూర్తి చదువే.

5. సర్టిఫికెట్ల వ్యాపారం

ఇక్కడ మాత్రం అవతలివారితో సగం దూరం నడుస్తాను. మన కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ ఎలా ఉంటుందో తెలిసిందే. స్టార్ హోటల్లో హాలు, తొమ్మిదిన్నరకు రిజిస్టరులో సంతకం, పదిన్నరకు జ్యోతి ప్రజ్వలన, పదకొండుకు అసలు లెక్చరు. భోజనం తర్వాత వెనక వరసలు ఖాళీ. నాలుగింటికి ఫోటో, సర్టిఫికెట్, పాయింట్లు. డాక్టర్లకు 2002 నాటి నిబంధనలు ఐదేళ్ళకు 30 గంటలు చదవమన్నాయి. క్లినికల్ సైకాలజిస్టులు పునరావాస మండలి దగ్గర రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పాయింట్లు చూపాలి. ఇవి కుర్చీలో కూర్చున్న గంటలు. గంటల తర్వాత పేషెంటుతో మాట్లాడే తీరు మారిందా అని చూసే గడి వీటిలో లేదు. కౌన్సిలర్లకైతే చాలాకాలం ఆ మాత్రం కూడా లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంతో గానీ వాళ్ళ వృత్తికి ఒక చట్టం అంటూ దొరకలేదు.

ఇంతవరకూ ఒప్పుకున్నాక ‘కాబట్టి శిక్షణే వద్దు’ అని ఎలా తేలుతుంది? కల్తీ మందులు అమ్ముతున్నారని వైద్యమే మానేయమంటామా? ఒక రోజు వర్క్‌షాపు ఎందుకు పనిచేయదో, ఏది పనిచేస్తుందో కూడా తేలిపోయిన సంగతే. ఆ మిల్లర్ బృందమే 2004లో వ్యసన చికిత్స రంగంలోని 140 మంది మీద పరీక్ష చేసింది. కొందరికి వర్క్‌షాపు మాత్రమే. కొందరికి ఆ తర్వాత వాళ్ళ సెషన్ల టేపులు విని లోటుపాట్లు చెప్పారు. కొందరికి ఫోన్లో కోచింగ్ ఇచ్చారు. కొందరికి రెండూ. వర్క్‌షాపుతో సరిపెట్టినవారి నైపుణ్యం నాలుగు నెలల్లో చాలావరకు జారిపోయింది. తప్పులు చెప్పించుకున్నవారు, కోచింగ్ పొందినవారు నిలబెట్టుకున్నారు. కాబట్టి లోపం చదువు కొనసాగించడంలో లేదు, సాయంత్రం నాలుగింటికి ఆపేయడంలో ఉంది.

మన దేశం ఉదాహరణే కావాలంటే గోవా. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హానికరంగా తాగే 377 మంది మగవాళ్ళ మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కౌన్సిలింగ్ చేసినవారు మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని మామూలు మనుషులు. మూడు నెలలకు, కౌన్సిలింగ్ అందినవారిలో 36 శాతం మంది హానికరమైన తాగుడు నుంచి బయటపడ్డారు, అందనివారిలో 26 శాతం. తీవ్రంగా బానిసలైనవారిని అందులో చేర్చలేదు, ట్రామా దాని విషయం కాదు, కాబట్టి దాని మీద మోయలేని బరువు పెట్టను. నాకు కావలసింది ఆ కౌన్సిలర్ల రోజువారీ పద్ధతి. వాళ్ళు తమ సెషన్లను రికార్డు చేశారు. గుంపుగా కూర్చుని ఒకరివి ఒకరు విన్నారు. ఇక్కడ తొందరపడ్డావు, ఇక్కడ అతను ఏదో చెప్పబోతే మాట మార్చావు అని మార్కులు వేసుకున్నారు. కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ అంటే నాకు అదీ.

ఖర్చు, టైము అంటారా? పేషెంటు సంతకంతో ఒప్పుకుంటే రికార్డు చేయడానికి ఇవాళ ప్రతి జేబులోనూ ఫోను ఉంది, పేరూ ఊరూ బయటికి పోకుండా చూసుకోవడమే షరతు. పెద్దవారి సలహా కోసం బెంగళూరు వెళ్ళక్కర్లేదు. జిల్లాల్లో ఉన్న డాక్టర్లు, కౌన్సిలర్లు తమ కేసుల్ని వీడియోలో అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణుల ముందు పెట్టి చర్చించే ఎకో పద్ధతి మన దేశంలో నడుస్తూనే ఉంది. రెన్యువల్ నిబంధన ఒక్క లైను మారిస్తే చాలు: ముప్పై గంటల హాజరు బదులు ఐదేళ్ళలో ఇన్ని సెషన్లు ఇంకొకరికి వినిపించి, తప్పులు దిద్దించుకున్న రుజువు. డీ-అడిక్షన్ సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు ఎన్ని మంచాలు, ఎన్ని ఫ్యాన్లు అని అడిగే తనిఖీ అధికారి, మీ కౌన్సిలర్ తప్పుల్ని ఎవరు వింటారు, నెలకు ఎన్నిసార్లు అని కూడా అడగాలి. కేస్ షీట్లో ఇంకో గడి చేరాలి, దాన్ని ఎప్పుడు నింపాలో, ఏ రోజున ఆ ప్రశ్న అడగకూడదో నేర్చుకున్న మనిషి దాన్ని నింపాలి.

గోవాలో మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేనివాళ్ళు తమ మాటల్ని తామే విని సిగ్గుపడకుండా దిద్దుకున్నారు. గోడకు మూడు సర్టిఫికెట్లు తగిలించుకున్నవారు ఆ పని ఎందుకు చేయలేరో, మనసు సంగతి తర్వాత చూద్దాం అనేవారు చెప్పాలి.